పై దవడలో గుండుసూది

మా అక్క భర్తకు, అంటే మా బావకు, పళ్ల మీద ఉన్న గర్వం మల్కాజ్‌గిరిలో కట్టుకున్న ఇంటి మీద కూడా లేదు. నేను జామకాయను చాకుతో కోసుకుంటే చాలు, "ఏంది బామ్మర్ది, ఆపరేషన్ చేస్తున్నవా? గిట్ల తినాలె" అంటూ ఎదురుగా కూర్చుని కరకరా నమిలి చూపించేవాడు. "నాకు ఒక్క పన్ను సుత పోలే" అన్న మాట ఆయన నోట వినని వారం లేదు.

అటువంటి బావకు ఈ వేసవిలో పై దవడ పన్ను ఒకటి సలపడం మొదలైంది. అక్క నన్ను తోడు పంపింది. మారేడ్‌పల్లిలో దంతవైద్యురాలి గదిలోకి ఆయన ఒక్కడే వెళ్లాడు; నన్ను తలుపు దగ్గరే ఆపేశాడు. కాసేపటికి డాక్టరమ్మే నన్ను పిలిచి తెర మీద చిన్న ఎక్స్-రే చూపించింది. పన్ను వేరు కొన దగ్గర నల్లటి నీడ ఉంది. నోట్లో చిన్న బిళ్ల పెట్టి తీసే ఈ చిత్రంలో రెండు మూడు పళ్లే కనిపిస్తాయనీ, నీడ ఎంత దూరం పాకిందో తెలియాలంటే దవడలు రెండూ ఒకేసారి కనిపించే పెద్ద ఎక్స్-రే కావాలనీ చెప్పింది.

"చుట్టూ ఎముక బాగుంటే రూట్ కెనాల్ చేసి పన్ను నిలబెడదాం. లేదంటే పీకేయాల్సిందే" అంది.

నిరుడు నాకు తీసింది మరో రకం. బిళ్లను పళ్ల మధ్య కొరికి పట్టుకోమన్నారు. పన్నుకూ పన్నుకూ సందున దాక్కున్న పుచ్చు అందులో బయటపడింది. ఏ ఎక్స్-రే ఏ తేదీన తీశారో డైరీలో రాసుకోవడం నా అలవాటు. పాతది చూపిస్తే ఒక్కొక్కసారి కొత్తది అక్కర్లేకుండా పోతుంది. బావకు ఈ అలవాటు చూస్తే నవ్వు. అయినా పక్క వీధిలోని ఎక్స్-రే సెంటర్‌కు నడుస్తుంటే భయం మాత్రం ఆయనకే పట్టుకుంది.

"తలకాయ సుట్టు మిషన్ తిప్పుతరట. మెదడుకు ఏమన్న అయితే?"

"అంత భయమైతే మెదడును ఇంట్లో పెట్టి రావలసింది, బావా."

సెంటర్‌లో ఎక్స్-రే తీసే అమ్మాయి వివరంగానే చెప్పింది. "కళ్లజోడు, గొలుసు తీసేయండి అంకుల్. పెట్టుడు పళ్లుంటే అవి కూడా. లోహం ఉంటే దాని నీడ పళ్ల మీద పడుతుంది."

"పెట్టుడు పళ్లా? నాకా? మా బామ్మర్దిని అడుగు!"

నేను నిండు మనసుతో సాక్ష్యం చెప్పాను. యంత్రం బావ తల చుట్టూ బుద్ధిగా ఒక ప్రదక్షిణ చేసింది. తెర మీద చిత్రం వచ్చింది. పై దవడలో సరిగ్గా నొప్పి ఉన్న చోట తెల్లటి రేకు ఒకటి, దానికి రెండు కొక్కేలు ధగధగలాడుతున్నాయి. కావలసిన వేరు ఆ వెలుగులో మునిగిపోయింది.

"ఇదేంటి అంకుల్?"

బావ క్షణం కూడా తడుముకోలేదు. "చిన్నప్పుడు గుండుసూది మింగిన."

"మింగితే కడుపులో ఉండాలి కదా?"

"జెర మీదనే ఆగింది."

నేను దగ్గు నటించవలసి వచ్చింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఇందులో పన్ను వేరు కనబడట్లేదు. డాక్టర్‌గారు ఏమీ చెప్పలేరు. మళ్లీ తీయాలి."

"మళ్లా? రేడియేషన్ ఎక్కువ కాదా?"

"చాలా తక్కువే. మామూలుగా గాలి నుంచీ నేల నుంచీ కొద్ది రోజుల్లో మన ఒంటికి తగిలేంత. తక్కువ కదా అని ఊరికే తీయం. నోట్లో ఆ లోహం అలాగే ఉంటే రెండో ఎక్స్-రే కూడా దండగే. ఏం చేయమంటారు?"

బావ తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఒకవైపు ఉన్న పన్ను, మరోవైపు ఇన్నేళ్ల పరువు. చివరికి గొంతు తగ్గించి, "బామ్మర్ది, జెర గోడ దిక్కు మర్రు" అన్నాడు.

మర్యాదగా గోడ వైపు తిరిగాను. వెనుక స్టీలు పళ్లెంలో టంగుమని శబ్దమైంది.

"గుండుసూది బాగా బరువున్నట్టుంది, బావా."

"నోర్ముయ్యిరా" అన్న మాట మొదటిసారి ఈలలా వినిపించింది.

రెండో చిత్రం స్పష్టంగా వచ్చింది. ఎముక గట్టిగానే ఉందనీ, పన్ను తీయనక్కర్లేదనీ డాక్టరమ్మ తేల్చింది. ఆటోలో బావ నా మోకాలు పట్టుకున్నాడు. "మీ అక్కకు తెల్వద్దు."

"ఇకమీదట జామకాయ నా ఇష్టం వచ్చినట్టు కోసుకుంటాను."

"కోస్కో. చెక్కు సుత తీస్కో."

తలుపు తీస్తూనే అక్క అడిగింది. "పన్ను దక్కిందా?"

"దక్కింది" అన్నాడు బావ, ఛాతీ విరుచుకుని. "నా పన్నంటే ఏమనుకున్నవ్?"

"సంతోషం. అయితే ఆ పెట్టుడు పన్నును రాత్రిళ్లు నా స్టీలు గ్లాసులో నానబెట్టడం మానేయండి. వేరే డబ్బా కొన్నాను, బాత్రూంలో పెట్టాను."

బావ నా వైపు కొరకొరా చూశాడు. నేను రెండు చేతులూ పైకెత్తాను.

"వాణ్ణెందుకు చూస్తారు?" అంది అక్క. "మీరు గురక పెట్టేటప్పుడు నోరు తెరిచే ఉంటుంది."