ఖాళీ జాగాలో నలభై మూడు ఇళ్లు

గోవిందరావు చదువు పాతపట్నం దగ్గర పల్లెలో ఐదో తరగతితో ఆగిపోయింది. హిందీ అక్షరాలు ఆయనకు ఏ బడిలోనూ రాలేదు. రైల్వేలో కలాసీగా చేరాక, పని మీద వెళ్లిన ప్రతి స్టేషన్‌లోనూ పేరు పలక ముందు నిలబడేవాడు. ఊరి పేరు ముందే తెలుసు కనక, ఏ గీత ఏ శబ్దమో తనే పోల్చుకునేవాడు. అలా చక్రధర్‌పూర్ నుంచి ఖరగ్‌పూర్ దాకా తిరిగి తిరిగి, రెండేళ్లలో హిందీ పేపరు చదవడం పట్టేశాడు.

రైళ్లకు కరెంటు తీగలు వచ్చిన కొత్తల్లో టాటానగర్‌లో ఆయన్ను ఆ తీగల పనిచేసే గ్యాంగులోకి మార్చారు. ఇరవై ఏళ్లు ఆ తీగల కిందే బతికాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం తనతో పనిచేసే భీమారావు, కరెంటు ఆపేశారనుకుని ఒక తీగకు జానెడు దూరం దాకా చెయ్యి తీసుకెళ్లాడు. తీగను తాకనైనా లేదు. మనిషి కింద పడేసరికే ప్రాణం పోయింది. ఆ తరవాత కరెంటు గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే గోవిందరావు ఊరుకునేవాడు కాదు.

రిటైరయ్యాక కూడా భార్య జోగమ్మతో ఊరి అంచున బాగ్‌బేరాలో, రైలు యార్డు వెనకున్న బస్తీలోనే ఉండిపోయాడు. నలభై మూడు ఇళ్లు. అందరివీ రేకుల కప్పులే. అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి, యార్డులోనో కంట్రాక్టర్ల దగ్గరో పనిచేసుకుంటున్నవాళ్లు.

ఎనభై మూడో సంవత్సరం మార్చిలో నలుగురు మనుషులు మూడుకాళ్ల దుర్భిణీ పట్టుకొచ్చి, బస్తీ మధ్యలోంచి ఎర్రరంగు పూసిన మేకులు కొట్టుకుంటూ పోయారు. ఒక మేకు పొరుగింటి బంగారమ్మ పెరట్లో పొయ్యి పక్కనే పడింది. ఏమిటని అడిగితే ఆదిత్యపూర్ కర్మాగారాలకు పెద్ద లైను పోతుందన్నారట. లక్షా ముప్పై రెండు వేల వోల్టులు.

గోవిందరావు చెప్పులేసుకుని ఆ మేకుల వెంబడి నడిచాడు. లైను మురికికాలవ గట్టు పట్టుకుని తిన్నగా వచ్చి, ఒక పెద్ద కంట్రాక్టరు ఇనపసామాను గోడౌను ముందు వంకర తిరిగింది. గోడౌనును తప్పించుకుని బస్తీ మీద పడింది. ఆయన అక్కడే నిలబడిపోయాడు. ఇనపసామాను మీద నుంచి పోకూడని తీగ, నిద్రపోయే పిల్లల మీద నుంచి పోవచ్చునన్నమాట. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

బ్లాకాఫీసు గోడ మీద ప్రకటన అంటించి ఉందని తెలిసి వెళ్లి చదివాడు. అభ్యంతరాలుంటే రెండు నెలల్లోగా అప్పటి రాజధాని పట్నాలో, లైన్లకు అనుమతినిచ్చే కార్యాలయానికి రాసుకోవాలట. అందులో మిగిలినవి ఇరవై తొమ్మిది రోజులు.

కచేరీ బయట అర్జీలు రాసే మున్షీ దగ్గరికి వెళ్లాడు. మున్షీ అంతా విని, రాసి, చదివి వినిపించాడు. తమ పాదాలకు మొక్కి అని మొదలై, దయతలచమని వేడుకుంటున్నాను అని ముగిసింది. మేకులు వంకర తిరిగిన సంగతి అందులో లేనేలేదు. అలాంటివి రాస్తే పై అధికారులకు కోపం వస్తుందన్నాడు మున్షీ. గోవిందరావు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మున్షీ బల్ల మీదే వదిలేసి వచ్చాడు.

అర్జీ హిందీలో తనే సొంతంగా రాశాడు. మూడు రోజులు పట్టింది. అక్షరాలు స్టేషను పలక మీదవాటిలా లావుగా, విడివిడిగా పడ్డాయి. వేడుకోలు ఏమీ లేదు, అన్నీ ప్రశ్నలే. మా రేకుల మీద నుంచి తీగ ఎంత ఎత్తులో పోతుంది? మే నెల ఎండకు తీగ సాగి ఎంత కిందికి దిగుతుంది? గాలివానకు తెగి పడితే లైను ఎంతసేపట్లో ఆగుతుంది? గోడౌను దగ్గర వంకర ఎందుకు తిరిగింది? కింద సంతకం పెట్టి, తను ఇన్నేళ్లు ఏ పని చేశాడో రాశాడు.

పదకొండో రోజున జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. లైను వేసే సంస్థ ఇచ్చిన మ్యాపు ప్రకారం సదరు మార్గం ఖాళీ జాగా మీదుగా పోతోంది. కాబట్టి మీ అభ్యంతరం వర్తించదు.

జోగమ్మకు దాన్ని తెలుగులో రెండుసార్లు చదివి చెప్పాడు. ప్రశ్నలకు తప్పుడు జవాబిచ్చినా అంత మండేది కాదేమో. నలభై మూడు ఇళ్లను, రెండొందల పైచిలుకు మనుషులను ఒక్క మాటతో తుడిచిపారేశారు.

ఇంటింటికీ తిరిగి రేషను కార్డు నంబరు, మనుషుల సంఖ్య రాసుకుని, వేలిముద్రలు తీసుకోవడం మొదలుపెట్టాడు. జోగమ్మ మొదటి వేలిముద్ర వేసింది. సగం మంది వేశారు, సగం మంది తలుపులు దగ్గరగా వేసుకున్నారు. ఆ జాగాకు ఎవరి దగ్గరా సరైన కాగితం లేదు. పేరిస్తే రేపు ఆక్రమణదారులంటూ ఆ పట్టీతోనే వచ్చి ఖాళీ చేయిస్తారని భయం. బస్తీ చివర, మురికికాలవ పక్కనుండే దాలమ్మ పైకే అనేసింది.

“పేరు లేకుండా ముప్పై ఏళ్లు బతికినాం అన్నా. పేరిత్తే ఆలకి దారి సూపినట్టే.”

“పేరు లేదనే కదమ్మా మనం లేమంతన్నారు,” అన్నాడు గోవిందరావు. “నువ్వు లేవని ఆల్లు కాగితం మీద రాసీసినారు. అది సదివి నాకు ఒల్లు మండిపోతంది. నీకు మండదేటి?”

దాలమ్మ కోపంగానే బొటనవేలు చాచింది. ఆవిడ వేసింది చూసి మిగిలిన వాళ్లూ వేశారు. గడువుకు నాలుగు రోజుల ముందు, నలభై మూడు ముద్రలతో పట్టీ రిజిస్టరు పోస్టులో పట్నా వెళ్లింది.

వానాకాలం మొదట్లో ఒక అధికారి జీపులో వచ్చాడు. వెంట సంస్థ ఇంజనీరు. ఆ పూట ఎవరూ పనికి వెళ్లలేదు. ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడ్డారు, అంతే. అధికారి మ్యాపు విప్పి, ఇళ్లవైపు చూసి, మళ్లీ మ్యాపు చూశాడు. ఇవన్నీ సర్వే తరవాత లేచిన గుడిసెలు సార్ అని ఇంజనీరు హిందీలో అన్నాడు.

గోవిందరావు ముందుకొచ్చి, తనకొచ్చిన హిందీలోనే నెమ్మదిగా చెప్పాడు.

“నా రేషను కార్డు అరవై ఎనిమిదిలో ఇచ్చింది సాబ్. మీ మ్యాపు మొన్నటిది. మ్యాపులో నేను లేనంటే, తప్పు నాదా, మ్యాపుదా?”

అధికారి గోడౌను దాకా నడిచి, మేకుల వంకర చూసి, నోటుబుక్కులో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

దసరా ముందు ఉత్తర్వు వచ్చింది. లైను బస్తీ మీద నుంచి పోదు, గోడౌను దగ్గర వంకర తిరగకుండా కాలవ గట్టునే పోతుంది. బస్తీ అంతా గోవిందరావు గుమ్మంలో చేరింది. ఆయన మాత్రం కాగితం ముందూ వెనకా తిప్పి చూస్తున్నాడు. మార్పుకు కారణం సాంకేతిక ఇబ్బందులు అని ఉంది. బస్తీ ప్రస్తావన ఎక్కడా లేదు. గెలిచాక కూడా వాళ్లు ఆ కాగితంలో లేరు.

అసలు దెబ్బ తరవాత తగిలింది. కాలవ గట్టున లేచిన టవరు తాలూకు ఒక కాలు దాలమ్మ వంటపాక ఉన్న చోటే పడింది. ఒక పొద్దుటిపూట కూలీలు వచ్చి పాక పీకి, గొయ్యి తవ్వేశారు. జోగమ్మ పరుగున వెళ్లేసరికి దాలమ్మ గిన్నెలు రోడ్డు మీద ఉన్నాయి. గోవిందరావు వెళ్లి పక్కన నిలబడ్డాడు. ఆవిడ మొహం తిప్పేసుకుంది. మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఆ మూడు నెలలూ ఆయన బస్తీలో ఎవరు మెచ్చుకున్నా చిరాకుపడేవాడు.

దాలమ్మ ఇంటికి అవతలి పక్కన పాక వేయడానికి తనే వెదుళ్లు మోసుకెళ్లాడు. దాలమ్మ వద్దనలేదు, రమ్మనలేదు. పట్నాకు మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. తీసుకున్న జాగాకు బదులు జాగా ఇవ్వాలని, మ్యాపులో నలభై మూడు ఇళ్లూ గీయాలని. ఒకటి, రెండు, నాలుగు ఉత్తరాలు. ఒక్కదానికీ జవాబు లేదు.

ఐదో ఉత్తరం రాస్తుండగా దాలమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. అందులో ఏం రాస్తున్నాడో చదవమంది. ఆయన చదివాడు.

“మెత్తగా ఉంది,” అంది దాలమ్మ. “వండుకుంతన్న కుండ దించీసి పాక పీకినారని రాయి. రాసి నా పేరు అందరికన్నా పైన పెట్టు.”

గోవిందరావు కాగితం చింపి, ఇంకొకటి తీసుకుని, ఆవిడ చెప్పింది చెప్పినట్టు లావుపాటి అక్షరాలతో రాయసాగాడు.