రెండో డబ్బా

మా నాన్న ఈ హిందీ ఊళ్లో స్టీల్ ప్లాంటులో కొలిమి దగ్గర పని చేస్తాడు. నెల రోజులుగా ఒకటే వాంతులు, నీరసం. రక్తంలో క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండేది, తగ్గింది. అది వాంతులతో పోతోందా, కిడ్నీలే వదిలేస్తున్నాయా తేల్చడానికి డాక్టర్ మూత్ర పరీక్ష రాశారు. ఇరవై నాలుగు గంటల మూత్రమంతా ఒకే డబ్బాలో పట్టాలి. తప్పు కిడ్నీలదైతే కొలిమి పని మానేయాల్సిందే.

రిపోర్టులో, మూత్రంలో క్లోరైడ్ ఎక్కువని వచ్చింది. కిడ్నీలనే అనుమానించాలన్నారు డాక్టర్. సాయంత్రానికి మేముండే క్యాంప్ 2 కాలనీలో సగం మంది పరామర్శకి వచ్చేశారు. వాళ్లు తెచ్చిన బిస్కెట్లు నేనే తిన్నాను. ఎవరో ఒకరు నిబ్బరంగా ఉండాలి కదా.

వాళ్లు వెళ్లాక అమ్మ అడిగింది. "ఏటయ్యా, ఆ పరీక్ష రోజు మజ్జిగ గ్లాసుల్లో అడుగున అంతంత ఉప్పు మిగిలిందేటి?"

నాన్న గోడమీది క్యాలెండర్ వైపు చూశాడు.

"ఏటి చేశావు నానా?"

"ఆ టెస్టు ఉప్పుకే కదరా. తక్కువొస్తే అన్‌ఫిట్ అనేస్తారని... కొంచెం ఎక్కువేసుకున్నాను."

"కొంచెమేనా?"

"రోజంతా."

ఏటా ప్లాంటు పెట్టే ఫిట్‌నెస్ పరీక్షకి రెండు రోజుల ముందే టీ మానేసే మనిషి. ఏ పరీక్ష పెట్టినా పాసవ్వాల్సిందే. ఈ పట్టుదల నాకు పదో తరగతిలో ఉండుంటే బాగుండేది.

మర్నాడు డాక్టర్‌కి ఆయన చేతే నిజం చెప్పించాను. నాలుగు రోజులు మామూలు తిండి తిని, మళ్లీ డబ్బాలో పట్టమన్నారు. ల్యాబ్‌లో దీదీ "ఫిర్ సే?", మళ్లీనా అంటూ కొత్త డబ్బా ఇచ్చింది. డబ్బాలో పట్టే రోజు నేను పనికి సెలవు పెట్టి, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకున్నాను. కూరలో అమ్మ వేసిందే ఉప్పు.

"బాత్రూముకి కూడా కాపలా ఏట్రా?"

"తలుపు బయటే ఉంటాను నానా. నాకూ మర్యాదుంది."

మధ్యాహ్నం మజ్జిగ గ్లాసు పట్టుకుని నా వైపు చూశాడు. "ఒక్క చిటికెడు, అంతే."

"ఈసారీ తప్పుడు లెక్కొస్తే కొలిమి పోద్ది."

ఆ మజ్జిగ చప్పగానే తాగేశాడు. మొదటి డబ్బాని మూడు కవర్లు చుట్టి నా చేత మోయించిన మనిషి, రెండోదాన్ని స్కూటర్ మీద తన ఒళ్లోనే పెట్టుకున్నాడు.

ఈసారి రిపోర్టులో క్లోరైడ్ బాగా తక్కువ. కిడ్నీలు ఉన్న ఉప్పుని గట్టిగానే పట్టుకున్నాయని, ఇక కడుపు సంగతి చూద్దామని అన్నారు డాక్టర్.

నాన్న నా చెవి దగ్గరికి వంగాడు. "తక్కువంటున్నారు. ఫెయిలేనేటి?"

"పాసే నానా."

నడుం నిటారుగా చేసుకుని, డాక్టర్‌ని హిందీలో అడిగాడు, కొలిమి దగ్గరికి ఎప్పుడు వెళ్లొచ్చని.