పోయిన మనిషి ఆమోదం

సోమవారం పొద్దున ఆఫీసు గ్రూపులో వార్త వచ్చింది: అక్క పోయింది. చాలాకాలంగా దవాఖానలో ఉన్న మనిషి. అందరం లోలోపల సిద్ధపడే ఉన్నాం. కానీ ఆ వార్త కిందనే, ఆమె పేరుతో ఇంకో సందేశం వచ్చింది. "సరిచూశాను. సరిపోయింది."

ఎప్పటిదో ఆలస్యంగా వచ్చిందనుకున్నాను.

అక్క నాకు చుట్టం కాదు. గచ్చిబౌలిలో మా కంపెనీలో సీనియర్ ఇంజనీరు, అందరికీ అక్క. రోగులకు సెలైన్ చుక్కలు కొలిచి ఎక్కించే యంత్రాలకు మేం సాఫ్ట్‌వేర్ చేస్తాం. మేం అని గొప్పగా అంటాం గానీ, అందులో చాలా భాగం ముక్కూమొహం తెలియని వాళ్లు రాసి, లోకమంతా వాడుకోండని వదిలిన ఓపెన్ సోర్స్ ప్యాకేజీలే. పరాయి కష్టాన్ని ఉచితంగా తెచ్చుకునే ఈ కంపెనీలు, తెచ్చుకున్నది అసలుదో కాదో చూసే మనిషికి జీతమివ్వాలంటే మాత్రం ఏడుస్తాయి. మా దగ్గర ఆ మనిషి అక్క ఒక్కతే.

ప్రతి ఫైలుకూ హాష్ అని ఒక వేలిముద్ర ఉంటుంది. అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి వరస. లోపల ఒక్క కామా మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. అక్క దాన్ని పైకి చదివేది. రాసినవాళ్లు వేరేచోట ప్రకటించిన హాష్‌ను తన ఫోనులో చూస్తూ తను చదివితే, మాకు చేరిన ఫైలు హాష్‌ను చూస్తూ నేను ఊఁ కొట్టాలి. కథ వింటున్నట్టు. చివరిదాకా కలిస్తేనే అక్క డిజిటల్ సంతకం పెట్టేది, అప్పుడే గ్రూపులో "సరిచూశాను. సరిపోయింది." అని వచ్చేది.

"ఫైలున్న పేజీలోనే హాష్ కూడా ఇచ్చారు కదక్కా, అది చాలదా?" అన్నాను ఒకసారి.

"కూకట్‌పల్లి మార్కెట్ల మామిడిపండ్లాయన్ని తియ్యగున్నయా అని అడుగుతవా? పులుపని చెప్తడా ఆయన? ఫైలు మార్చినోడికి పక్కనున్న హాష్ మార్చుడు ఎంత పని?"

నేను పత్రికలకు రాసే వ్యాసాలు చదివి ఎగతాళి చేసేది. "సర్కారును మస్తు తిడ్తవ్. జర మన ఆఫీసును గూడ తిట్టరాదు!" తిట్టలేదని కాదు, తిట్టినా ఎవరూ వినలేదు. ఏ పేరునూ ఊరికే నమ్మకూడదని నాకు నేర్పింది ఆమే.

మధ్యాహ్నం మియాపూర్ వెళ్లాను. అపార్ట్‌మెంట్ కింద ఫ్రీజర్ పెట్టెలో పడుకుని ఉంది అక్క. అద్దం మీద చెమ్మ పట్టి మొహం సరిగా కనపడలేదు. వంగి చూస్తుంటే చేతిలో ఫోను అదిరింది. "సరిచూశాను. సరిపోయింది." పంపిన మనిషి నా కళ్లెదుటే ఉంది.

అక్కను చూడ్డానికి వచ్చిన మా మేనేజరును లిఫ్టు పక్కన పట్టుకున్నాను.

"ఆవిడ సెలవులో ఉంటే పని ఆగకూడదు కదండీ. ఆవిడ డిజిటల్ సంతకాన్ని సిస్టమ్‌కి ఇచ్చాం. అదే సరిచూసి పంపేస్తోంది."

"ఆమెను అడిగారా?"

"ఐసీయూలో ఉన్నావిణ్ణి ఏం అడుగుతామండీ?"

"అడగలేరు. సంతకం మాత్రం తీసుకోగలరు!"

అక్కడినుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్లి, పొద్దున ఆమోదం పొందిన ఫైలు తీశాను. రాసినవాళ్లు ప్రకటించిన హాష్ వేరేచోట వెతికి ఫోనులో తెచ్చుకుని, ఒక్కదాన్నే పైకి చదివాను. మొదట్లోనే తేడా కొట్టింది. అది అసలు ఫైలు కాదు. మా సిస్టమ్ మాత్రం ఫైలు తెచ్చుకున్న పేజీలోనే హాష్ కూడా చూసుకుని, సరిపోయిందని రాసింది. మర్నాడు ఆ ఫైలు ఆస్పత్రుల్లోని యంత్రాల్లోకి వెళ్లాలి, అక్క మాట మీద.

ఫోను చేశాను. "ఈ ఒక్క ఫైలు ఆపుదామండీ," అన్నాడు మేనేజరు. "సంతకం రద్దు చేస్తే ఆవిడ ఇన్నేళ్లూ ఆమోదించినవి ఏవీ చెల్లవు. పోయినావిడ పేరు చెడగొడతామా?"

"రేపు ఇంకో ఫైలు వస్తుంది. దానికీ ఆమే సంతకం చేస్తుందా?"

చివరికి "మీ ఇష్టం" అన్నాడు.

రద్దు చేశాను. తెర మీద ఆమె ఆమోదాల పక్కనున్న పచ్చ గుర్తులు పైనుంచి కిందికి ఆరిపోతూ వచ్చాయి. మేమిద్దరం గొంతు ఎండేలా చదివినవి కూడా. వాటన్నిటినీ మళ్లీ చదవాలి. చదువుతాను.

మర్నాడు పొద్దున కొత్త ప్యాకేజీ ఒకటి వచ్చి ఉంది. సంతకం పడలేదు. అక్క పేరు ఎదురుగా చిన్న చక్రం ఒకటి తిరుగుతోంది. దాని కింద ఒకే వాక్యం: "వీరి జవాబు కోసం ఎదురుచూస్తున్నాం." చక్రం తిరుగుతూనే ఉంది.