గంగ కూర్చున్న ఆకు

2006లో నేను అనకాపల్లి శివార్లలో ఉన్న ఒక బొటానికల్ గార్డెన్‌లో హార్టికల్చర్ అసిస్టెంట్‌గా పనిచేసేదాన్ని. మొక్కల్ని పెంచడం సగం ఉద్యోగం, వాటిని చూడ్డానికి వచ్చేవాళ్ళని చూసుకోవడం మిగతా సగం. గేటు దాటితే కుడివైపు ఔషధ మొక్కల మడులు, ఎడమవైపు ఫెర్న్ హౌస్, అంటే నీడలో బతికే మొక్కల కోసం పచ్చటి వల కప్పిన పందిరి. ఆ రెంటినీ దాటి వెళ్తే గుండ్రటి సిమెంటు కొలను. మా తోటకి పేరు తెచ్చింది ఆ కొలనే. అందులో విక్టోరియా వాటర్ లిల్లీ ఉండేది.

దాన్ని చూడనివాళ్ళకి ఎలా చెప్పాలంటే, పెళ్ళిలో పులిహోర కలిపే పెద్ద పళ్ళేన్ని నీళ్ళ మీద వదిలితే ఎలా ఉంటుందో దాని ఆకు అలా ఉంటుంది. చుట్టూ అంచు నిటారుగా పైకి లేచి ఉంటుంది. దాన్ని రిమ్ అంటాం. పైనుంచి నున్నగా కనిపిస్తుంది కానీ తిరగేస్తే అడుగంతా ఎర్రటి ఈనెలు, వాటి నిండా ముళ్ళు. ఆ ఈనెల్లో గాలి నిండి ఉంటుంది కాబట్టే అంత ఆకూ తేలుతుంది.

నెలకొక మొక్కని ఎంచుకుని, దాని గురించి నాలుగు మాటలు చెప్పి, జనానికి దగ్గరగా చూపించేవాళ్ళం. దాన్ని ప్లాంట్ ఆఫ్ ది మంత్ అనేవాళ్ళం. వానలు వెనక్కి తగ్గాక వచ్చేది విక్టోరియా నెల. ఆ నెల ఆదివారాల్లో చిన్నపిల్లల్ని ఆకు మీద కూర్చోబెట్టేవాళ్ళం. ఆకు చిరక్కుండా, బరువు అంతటా పడేలా ముందు ఒక గుండ్రటి ప్లైవుడ్ పలక వేసేవాళ్ళం. కొలను చూసుకునే అప్పలనాయుడు నడుం లోతు నీళ్ళలో నిలబడి, మెట్ల పక్కనున్న ఆకు రిమ్ పట్టుకునేవాడు. తల్లిదండ్రులు గట్టు మీద నిలబడేవాళ్ళు. ఫోన్లలో కెమెరాలు ఇంకా అందరికీ రాని రోజులవి. ఊళ్ళోని స్టూడియో అబ్బాయి ఫోటోలు తీసి పెట్టేవాడు. మా చర్చివాళ్ళు ఆరాధన అవగానే, తెల్లబట్టలు మార్చుకోకుండానే తిన్నగా తోటకి వచ్చేసేవాళ్ళు. పిల్లల జడల్లో కనకాంబరాలు, చేతుల్లో వేడి వేరుశెనక్కాయల పొట్లాలు. జనం దాన్ని ఆకు పడవ ఆదివారం అని పిలుచుకునేవాళ్ళు. ఆ పేరు మేం పెట్టింది కాదు.

అలాంటి ఒక ఆదివారమే గంగ వచ్చింది.

వాళ్ళమ్మ పైడమ్మ నాకు తెలిసిన మనిషే. మేముండే వీధిలోకి గంపతో చేపలు తెచ్చి అమ్మేది. నాలుగేళ్ళ కూతుర్ని చంకనెత్తుకుని వరసలో నిలబడింది. వాళ్ళ వంతు వచ్చి అప్పలనాయుడు చేతులు చాపాడో లేదో, ఆ పిల్ల పెట్టిన కేకకి తోటంతా ఇటు తిరిగింది. తల్లి మెడ పట్టుకుని, కాళ్ళు ముడిచేసుకుని, ఊపిరి తిరక్కుండా ఏడ్చింది. వెనకున్నవాళ్ళు విసుక్కున్నారు. నేను వాళ్ళిద్దర్నీ ఫెర్న్ హౌస్‌లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను.

"ఏమైంది పైడమ్మా, ఇంత భయపడుతోందేం?"

"నీల్లంటే బయ్యిం మేడంగోరూ. సెంబుతో నెత్తిన పోత్తే సాలు, పేనం పోతన్నట్టు ఏడుత్తాది. తడిగుడ్డెట్టి తుడుత్తన్నాను. గంగమ్మ పేరెట్టుకున్న గుంట, సముద్రం ఒడ్డున పుట్టిన గుంట, ఇలగైపోనాది."

వాళ్ళది రాంబిల్లి దగ్గర ఒక చేపలవాళ్ళ పల్లె. అంతకు ముందు ఏడాది కొత్త పడవకి పూజ చేసిన రోజున, తండ్రి నూకరాజు ముచ్చటపడి పిల్లని పడవలోకి ఎక్కించుకున్నాడు. ఒడ్డుకి దగ్గర్లోనే కెరటం అడ్డంగా కొట్టి పడవ తిరగబడింది. పిల్ల బతికింది. కానీ నూకరాజు మళ్ళీ సముద్రం ముఖం చూడలేదు. పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకుని అనకాపల్లి వచ్చేసి, బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోసే పనిలో చేరాడు.

"ఆకు మీద పిల్లల్ని కూకోబెడతారని మీ ఈదిలో అనుకుంటంటే ఇన్నాను," అంది పైడమ్మ. "నీల్ల మీద కూకున్నా ఏటీ అవదని ఒక్కపాలి తెలిత్తే సాలనుకున్నాను. మా ఆయనేమో దీన్ని అట్టుకెల్లి గొలుగొండలో మా అత్త కాడ ఒగ్గీసి వచ్చీమంటన్నాడు. అక్కడ సముద్రం మాటే ఉండదు, బయ్యిం ఉండదంటాడు. కన్నగుంటని ఒగ్గీసి నానెలా ఉండగల్ను మేడంగోరూ?"

నేను డాక్టర్ని కాను. మొక్కకి ఏం కావాలో కొంత తెలుసు గానీ, పిల్లకి ఏం కావాలో నాకేం తెలుసు? అయినా ఆ మాట విన్నాక ఊరికే పంపలేకపోయాను. "జనం లేనప్పుడు తీసుకురా, ఊరికే ఆడుకుంటుంది," అన్నాను.

ఆమె మాట తప్పలేదు. గంప ఖాళీ అయ్యాక, వీలైనప్పుడల్లా పిల్లతో వచ్చేది. గంగ మొదట్లో కొలనుకి ఎంతో దూరంలో, పొగడచెట్టు కింద బెంచీ దిగేది కాదు. విక్టోరియాకి ముదిరిన ఆకుల్ని కోసేస్తూ ఉండాలి, లేకపోతే కొత్త ఆకు విచ్చుకోవడానికి చోటుండదు. అలా కోసిన ఒక ఆకుని అప్పలనాయుడు చేత గడ్డి మీద బోర్లా వేయించాను. ముళ్ళున్న ఆకుని ఆ పిల్ల అంతకు ముందు చూసి ఉండదు. మెల్లగా బెంచీ దిగి వచ్చింది.

"ముల్లెందుకు?" నాతో ఆ పిల్ల ఆడిన మొదటి మాట అది.

"చేపలు ఆకుని కొరికేయకుండా."

"సేపలు ఆకులు తింటాయేటి?"

"కొన్ని తింటాయి."

దాని గురించి చాలాసేపు ఆలోచించింది. ఇంకో రోజు ముళ్ళు కిందికి పోయేలా ఆకుని గడ్డి మీద పరిచి, పైన పలక వేస్తే, వెళ్ళి కూర్చుంది కూడా. నాకు ఆశ పుట్టింది. తామర నారు పెంచే తొట్టి ఒకటి ఉండేది, మోకాలి లోతైనా ఉండదు. అందులో కాలు పెట్టించాలని చూశాను. మళ్ళీ అదే కేక. ఆ తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ తొట్టి దగ్గరే ఆగిపోయేది. మా క్యూరేటర్, అంటే తోట మొత్తానికి బాధ్యుడు, ఒకరోజు నన్ను పిలిచి, "నిర్మలా, మనది తోటమ్మా, ఆసుపత్రి కాదు," అన్నారు. కోప్పడలేదు. ఆయన అన్నదాంట్లో తప్పూ లేదు.

మానేద్దామనే అనుకున్నాను. అప్పుడు ఒక సంగతి నా కంట్లో పడింది. నీళ్ళ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ గంగ ముందు గేటు వైపు తిరిగి చూసేది. మార్కెట్టులో భోజనాల వేళకి నూకరాజు సైకిలు మీద వచ్చి గేటు బయటే నిలబడేవాడు. ఎప్పుడూ లోపలికి రాలేదు. పిల్ల తొట్టి అంచుకి వెళ్తే చాలు, సైకిలు హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకునేవాడు. "ఒలే గంగా, ఎనక్కొచ్చీ!" అని అరిచేవాడు. పిల్ల పరుగెత్తుకొచ్చి తల్లిని చుట్టేసుకునేది. ఇన్నాళ్ళూ నేను పిల్ల ముఖాన్నే చూస్తూ వచ్చాను. ఆ పిల్ల ఎవరి ముఖం చూస్తోందో చూడలేదు.

గేటు దగ్గరికి వెళ్ళాను. "లోపలికి రావచ్చు కదా నూకరాజూ," అన్నాను.

"నానెందుకులెండి."

"పిల్ల నీకేసే చూస్తోంది."

 అతను హ్యాండిల్ మీదున్న చేతుల్ని చూసుకుంటూ చెప్పాడు. "నా సేతిలోంచే జారిపోనాది మేడంగోరూ. పట్టుకునే ఉన్నాను. కెరటం కొట్టింది. సెయ్యుంది, పిల్ల లేదు. మా మావ దూకి జుట్టట్టుకుని లాగేడు. నాను కాదు. ఆయల్టి నుంచి నీల్లు సూత్తే ఈ సేతులు నాయి కావు."

 ఓదార్పు మాటలు నోటిదాకా వచ్చాయి గానీ, దిమ్మలు మోసి కాయలు కాచిన ఆ చేతుల్ని చూశాక అనాలనిపించలేదు. అందుకని పని చెప్పాను. "సోమవారం తోటకి సెలవు. జనం ఉండరు. ఆకు పట్టుకోవడానికి అప్పలనాయుడికి తోడుగా ఇంకో మనిషి కావాలి. వస్తావా?"

అతను సైకిలెక్కి మార్కెట్టుకి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్నే ముగ్గురూ వచ్చారు. అప్పలనాయుడు అప్పటికే మెట్ల పక్కన ఒక ఆకుని ఉంచి, దాని చుట్టూ ఉన్న ముళ్ళ కాడలన్నీ కోసి, మనిషి నిలబడే చోటు చేశాడు. ముళ్ళు గుచ్చుకోకుండా గోనెగుడ్డతో కుట్టించుకున్న తన లాగూ ఒకటి నూకరాజుకి ఇచ్చాడు. నూకరాజు మొదటి మెట్టు మీద ఎంతసేపు నిలబడ్డాడో చెప్పలేను. ఎవరం తొందర పెట్టలేదు. చివరికి దిగాడు. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. రెండు చేతులతో రిమ్ పట్టుకున్నాడు. ఆ చేతుల వణుకుకి ఆకు వణికింది, దాని చుట్టూ సన్నటి అలలు లేచాయి.

"బావా," అన్నాడు అప్పలనాయుడు మెల్లగా, "నీ కాల్ల కింద సిమెంటు. ఇక్కడ కెరటం లేదు, ఏటీ లేదు. అలగ నిలబడంతే."

అతను నిలబడ్డాడు. అప్పలనాయుడూ పక్కనే నిలబడ్డాడు. గట్టు మీద మేం ఇద్దరు ఆడవాళ్ళం, మా వెనక తల్లి చీరలో ముఖం దాచుకున్న పిల్ల. కొంతసేపటికి అలలు సన్నగిల్లాయి. తర్వాత నీళ్ళు పూర్తిగా కదలడం మానేశాయి. అప్పుడు నా పక్కనుంచి చిన్న గొంతు వినిపించింది.

"నాన్నా, అడుగున సెయ్యెట్టకు. ముల్లుంటాయి."

గంగ చీర వదిలేసి ముందుకొచ్చింది.

నూకరాజు పిల్ల వైపు తిరిగాడు. "నాకు తెల్దే. ఎక్కడట్టుకోవాలో నువ్వు సూపించు మరి."

"అక్కడ కాదు. ఇక్కడ." ఒక్కో మెట్టే దిగి, నీళ్ళకి పై మెట్టు మీద కూర్చుని వేలు పెట్టి చూపించింది. తండ్రి చేతులు మార్చాడు. "ఇక్కడేనా?" "ఇంకా ఇటు." అలా రెండు మూడు సార్లయ్యాక అతను అడిగాడు. "వత్తావేటే?"

పిల్ల తండ్రి ముఖంలోకి చూసింది. నేనూ అటే చూశాను. ఆ ముఖంలో భయం పోలేదు. కానీ మనిషి నిలబడే ఉన్నాడు. పిల్ల రెండు చేతులూ చాపింది.

అతను ఎత్తుకున్నాడు గానీ ఆకు మీద పెట్టలేదు. గుండెకి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు. పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాతే వంగి, పలక మీద కూర్చోబెట్టాడు. ఆకు కొంచెం దిగి, మళ్ళీ తేలింది. గంగ తండ్రి బొటనవేలిని గుప్పెట్లో బిగించింది.

"ఒగ్గీకు నాన్నా."

"ఒగ్గను."

అతను వదల్లేదు. కాసేపయ్యాక పిల్లే వదిలింది. రిమ్ ఎలా ఉందో ముట్టుకుని చూడ్డానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి మరి. తన చెయ్యి ఖాళీ అయిన సంగతి నూకరాజుకి తెలియడానికి ఒక క్షణం పట్టింది. ముఖం పాలిపోయింది. వెంటనే పిల్ల అక్కడే, కళ్ళ ముందే, ఆకు అంచు నిమురుతూ కూర్చుని ఉందని చూసుకున్నాడు. నూకరాజు అప్పుడు ఏడ్చాడు.

ఆ రోజు స్టూడియో అబ్బాయి లేడు, ఫోటో లేదు.

మర్నాటి నుంచి పిల్ల నెత్తి మీద నీళ్ళు పోయించుకుందా అంటే, లేదు. ఏడుస్తూనే ఉందని పైడమ్మ నవ్వుతూ చెప్పింది. కానీ తండ్రి పోస్తే కొంచెం తక్కువ ఏడ్చేదట. గొలుగొండ మాట మళ్ళీ ఎత్తలేదు. చలిగాలులకి విక్టోరియా ఆకులు చిన్నవయ్యేదాకా వాళ్ళు వస్తూనే ఉన్నారు. నూకరాజు గేటు బయట ఆగడం మానేశాడు. వేసవిలో సర్కారు చేపల వేట ఆపించే రోజులు గడిచాక వాళ్ళు పల్లెకి తిరిగి వెళ్ళిపోయారు. చాన్నాళ్ళకి పైడమ్మ ఒకసారి మా వీధికి వచ్చింది. నూకరాజు వేటకి వెళ్తున్నాడని, గంగ మడమల లోతు దాకా నీళ్ళలోకి వెళ్ళి అక్కడినుంచి వాళ్ళ నాన్న పడవకి చెయ్యి ఊపుతుందని చెప్పింది. అంతకంటే లోపలికి వెళ్ళదట. పోనీలే, అన్నాను.

తర్వాత నేను ఆ తోటలో చాలా ఏళ్ళు పనిచేశాను. పిల్లల్ని ఎందర్నో ఆకుల మీద చూశాను. గంగ వల్ల నాకు అర్థమైంది ఒకటే. చిన్నపిల్లలు నీళ్ళ లోతుని నీళ్ళలో చూడరు, తమని పెంచేవాళ్ళ ముఖంలో చూస్తారు. ఆ ముఖంలో భయం లేకుండా పోనక్కర్లేదు. భయంతోనే వాళ్ళు పక్కన నిలబడితే చాలు.

అందుకని మరుసటి ఏడాది ఆకు పడవ ఆదివారాలకి పద్ధతి మార్చమని క్యూరేటర్‌గారిని అడిగాను. ఆకుని అప్పలనాయుడు కాదు, పిల్ల తల్లో తండ్రో నీళ్ళలోకి దిగి పట్టుకోవాలి. "మర్యాదస్తులు గోనె లాగూలు తొడుక్కుని కొలన్లో దిగుతారా?" అని ఆయన నవ్వారు గానీ ఒప్పుకున్నారు. మొదటి ఆదివారం మొదటి వంతు ఒక బ్యాంకు ఉద్యోగిది. ఇస్త్రీ చొక్కా మీద గోనె లాగూ తొడుక్కుని, కొడుకుని భార్య చేతికిచ్చి, మెట్టు మీద ఆగి, నా చెవి దగ్గరికి వంగాడు.

"మేడమ్, నాకు నీళ్ళంటే చచ్చేంత భయం. మావాడికి మాత్రం తెలియనివ్వకండి."

"వాడికి ఎప్పుడో తెలుసండీ," అన్నాను. "మీరు దిగండి."

దిగాడు.