ఇల్లు చూడ్డానికి వచ్చినాయన

కర్నూలు రాజధాని అయిన కొత్తలో అద్దె ఇళ్లకు ఎక్కడలేని గిరాకీ. ఉన్నట్టుండి మా ఇంటి పన్ను రెట్టింపైంది. ఇంటికి ఎంత అద్దె పలుకుతుందో చూసి పన్ను వేస్తారట. మా ఇంటి గురించి మునిసిపాలిటీ వాళ్లకు ఎక్కువ చేసి చెప్పింది పక్కింటి సుబ్బన్నేనని నాన్నకు అనుమానం. ఆ ఇంటితో మాకు మాటలు మాన్పించాడు.

అప్పీలు విచారణకు నేనూ నాన్న వెంట వెళ్లాను.

"పాత మిద్దె సామీ, వానొస్తే కురుస్తాది. పది రూపాయలకు గూడా ఎవరూ రారు," అన్నాడు నాన్న.

అధికారి పక్కనున్న గుమాస్తా తలెత్తాడు. పన్ను పెరగకముందు అద్దెకు ఇల్లు కావాలంటూ మా ఇంటికొచ్చిన మనిషే!

"ముప్పైకి అణా తగ్గేది లేదంటివి గదప్పా?" అన్నాడాయన.

అప్పీలు కొట్టేశారు.

ఇల్లు చేరాక సుబ్బన్న గుమ్మం వైపు చూస్తూ నాన్న గొణిగాడు: "అది సరేగానీ, ఆయప్పకు మన ఇల్లు యాడుండాదో చెప్పిందెవరు?"

నవ్వుకున్నాను గానీ, ఈనాటికీ ఎవరైనా అద్దెకిల్లు అడిగితే ముందు వాళ్ల ఉద్యోగమేమిటో కనుక్కుంటాను.