పారిజాతం కాడల సిరా, విశ్వం పంపిన సీసా

మా చిన్నతనంలో... ఇంకా చీకటి విడకముందే అక్క పెరట్లోకి వెళ్ళి, పారిజాతం చెట్టు కింద నాన్న పాత పంచె పరిచేది. తెల్లవారేసరికి పంచె నిండా పూలు. తెల్లటి రెక్కలు, నారింజ రంగు కాడలు... పారిజాతాలను ఎవరూ కోయరు. అవే రాలతాయి, మనం ఏరుకుంటాం. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

సగం పూలు పూజకు. మిగతా సగం అక్కవి. కాడలు తుంచి, నీడలో ఎండబెట్టి, మట్టి మూకుడులో గోరువెచ్చటి నీళ్ళు పోసి నానబెట్టేది. పల్చటి గుడ్డతో వడకట్టి కాస్త పటిక, కాస్త తుమ్మ జిగురు కలిపేది. మూకుడు కడగడం వరకే నా పని.

అప్పట్లో మాకు తెలిసిన సిరాలు మూడే. పిల్లలకు నీలం, మాస్టార్లకు ఎరుపు, సంతకాలు పెట్టే అధికారులకు ఆకుపచ్చ. ఎవరికీ చెందని నాలుగో రంగు మా అక్క దగ్గర ఉండేది...

అక్క ఎనిమిదో తరగతిలో ఉండగా బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. గుమ్మం దగ్గర పెట్టిన స్వాగతం అట్ట మీద అక్షరాలు అక్క సిరాతో రాసినవే. ఆయన అక్కడ ఆగి, "ఈ సిరా ఎవరు చేశారు?" అన్నారు.

అక్క లేవబోయింది. అప్పటికే డ్రాయింగు మాస్టారు విశ్వం అనే కుర్రాడి భుజం పట్టి ముందుకు తోశారు. "మావాడేనండీ."

విశ్వం అక్క క్లాసువాడే. వాళ్ళ నాన్నకు రైసుమిల్లు ఉంది, బడి వరండా ఆయనే కట్టించారు. వాడు కాదనలేదు. ఇన్‌స్పెక్టరుగారు తన జేబులోని ఫౌంటెన్ పెన్ను తీసి వాడి చేతిలో పెట్టారు.

ఆ తర్వాత అక్క సిరా చేయలేదు. పూలన్నీ పూజకే...

ఆ పెన్ను ఇప్పుడు ఇక్కడ అమెరికాలోనే, ఇర్వింగ్‌లో విశ్వం ఇంటి హాల్లో, అద్దాల బీరువాలో ఉంది. పోయిన నెల వాడు మన ఈ వాట్సాప్ గ్రూపులోనే ఒక నారింజ సిరా సీసా ఫొటో పెట్టి, "చిన్నప్పుడు పారిజాతాలు కోసి ఇలాంటి సిరా చేశాను. ఇన్నాళ్ళకు ఆ రంగు మళ్ళీ దొరికింది" అని రాశాడు. మీలో చాలామంది హృదయాల బొమ్మలు గుమ్మరించారు. లెజెండ్ అన్నారు కూడా.

అంతటితో ఊరుకోలేదు. నాకూ ఒక సీసా పంపి అభిప్రాయం రాయమన్నాడు. అడిగాడు కాబట్టి రాస్తున్నాను.

సీసా బాగుంది. అత్తరు సీసాలా ఉంది. పేరు సూర్యోదయం గురించి. ఆ పేరు పెట్టినవాళ్ళు సూర్యోదయానికి ఎప్పుడూ లేచి ఉండరు. ఇక రంగు... కాగితం మీద రెండు వాక్యాలు రాశాను. మా మనవరాలు తొంగిచూసి, "తాతయ్యా, ఇది హైలైటరా?" అంది. కాదన్నాను. "అయితే రోడ్ వర్క్ కోన్ కలర్" అని తేల్చేసింది. వేసవి అంతా మా ఊరు నోవై చుట్టుపక్కల రోడ్ల మీద నిలబడి ఉండే ప్లాస్టిక్ శంకులు మరి. ఆ పిల్ల తీర్పులో నేను మార్చేదేమీ లేదు.

దీపం కింద అక్షరం ఆనదు. పగలు కళ్ళల్లో పొడుస్తుంది. రాత్రి పెన్ను మూసి పెడితే తెల్లారేసరికి పాళీ మీద పక్కు కడుతుంది. ఒక్క గుణం ఒప్పుకోవాలి, ఎక్కడా ఆగకుండా సాగుతుంది. అబద్ధానికీ ఆ గుణం ఉంది.

మొన్న విశ్వమే ఫోన్ చేశాడు.

"ఏరా, రివ్యూ ఏమైంది? గ్రూప్‌లో అందరూ వెయిట్ చేస్తున్నారు."

"రాస్తున్నా. ఒక చిన్న డౌటు. ఆ పూలు ఎలా కోశావు?"

"ఎలా ఏంట్రా, నిచ్చెన వేసుకుని."

"పొద్దున్నేనా?"

"సాయంత్రం, స్కూల్ అయ్యాక. ఎందుకిప్పుడు?"

"వివరాలుంటే రివ్యూ బాగుంటుందని."

"రాయి రాయి, బాగా రాయి" అని మురిసిపోయాడు.

పారిజాతం సాయంత్రానికి ఇంకా మొగ్గే. రాత్రి విచ్చుకుంటుంది, తెల్లారేసరికి నేల మీద ఉంటుంది. ఒక్కసారి ఏరినవాళ్ళకైనా తెలిసే సంగతి ఇది. ఆ సిరా తనదే అని ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్న మనిషి... ఆ చెట్టు కింద ఒక్క తెల్లవారుజామైనా నిలబడలేదు.

అక్క కూడా ఈ దేశంలోనే, అల్ఫారెట్టాలో కూతురి దగ్గర ఉంటుంది. ఇప్పుడు చూపు బాగా తగ్గింది. ఈ ప్రస్తావన ఎప్పుడొచ్చినా "పోనీలేరా" అనేది. నాకు ఒళ్ళు మండేది. ఈసారి విశ్వం పోస్టు, ఫోన్‌లో వాడన్న మాటలు, అన్నీ వినిపించాను.

"కోశాడటా?" అంది.

"అవునక్కా. నిచ్చెన వేసుకుని, సాయంత్రం పూట."

చిన్నగా నవ్వింది. "నిచ్చెన ఆనిస్తే విరిగిపోయేది కదరా మన చెట్టు." నవ్వు ఆపి, "ఒరేయ్ తమ్ముడూ... ఈసారి పోనీకు" అంది.

అందుకే ఇదంతా. ఆ సిరా చేసింది మా రాజ్యం అక్క. ఇది పోస్టు చేయగానే ఫోన్ చేసి, మొదటి అక్షరం నుంచీ ఆమెకు చదివి వినిపిస్తాను.

ఇప్పుడు ఏ రంగు కావాలన్నా రెండు రోజుల్లో గుమ్మం ముందుకొస్తుంది. ఎవరు చేశారని అడిగే మనిషే లేడు... అప్పుడు అడిగిన ఒకే ఒక్క మనిషికీ అబద్ధం చెప్పారు.

మీ ఇళ్ళల్లోనూ ఎవరో చేసిన పని ఇంకెవరి పేరునో చలామణీ అయ్యే ఉంటుంది. చేసినవాళ్ళ పేరు కింద రాయండి... వాళ్ళు వినగలిగి ఉన్నప్పుడే.