కిష్టవ్వ బండలాట

కర్స్టీ మెక్రే పేరు మీరు విని ఉండరు. పత్రికల్లో పడేంత గెలుపు ఆమె ఏదీ గెలవలేదు. నాకు పరిచయమయ్యేనాటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. దోహాలో మా అమ్మాయి మేధ చదివే కేజీ బడిలో సహాయ టీచరు. పిల్లల ముక్కులు తుడవడం, బూట్ల లేసులు కట్టడం, నిద్రపోయినవాళ్ళను బస్సు దాకా ఎత్తుకెళ్ళడం ఆమె పని.

చమురు ధర ఆకాశంలో ఉన్న ఏళ్ళవి. నగరం నడుమ ముషైరిబ్‌లో వీధులకు వీధులే కూల్చి కొత్తగా కడుతున్నారు. ఆ దుమ్ము, ఎడారి గాలి కలిసి మేముండే ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని అపార్ట్‌మెంట్ల కిటికీ సందుల్లోంచి లోపలికి వచ్చేవి. మేధకు ఉబ్బసం. నేను ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివాను. ఆ చదువు అప్పట్లో నాకు పనికొచ్చింది పిల్ల ఛాతీకి చెవి ఆనించి ఊపిరి చప్పుడు ఎంత మారిందో పోల్చుకోవడానికే. మా ఆయన మధుసూదన్ రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్‌లో డ్యూటీకి వెళ్తూ, "నువ్వు కాసేపు దాన్ని వినడం మానేస్తే అది కాసేపు ఆడుకుంటుంది" అనేవాడు.

మేధ ఒకరోజు బడి నుంచి వచ్చి, "కర్స్టీ టీచర్ మంచు మీద రాళ్ళు తోస్తుందట. శుక్రవారం నన్నూ రమ్మంది" అంది. ఉబ్బసం పిల్లకు మంచా!

అయినా వెళ్ళాం. బయట కొలిమిలాంటి ఎండ. మాల్ లోపల స్కేటింగ్ మంచు పక్కన మేధకు రెండు స్వెటర్లు, మంకీ క్యాప్. నా చేతిలో ఇన్‌హేలర్. శుక్రవారం నమాజు అయ్యేదాకా మాల్ తెరవరు కనుక, పొద్దున పూట కర్స్టీకి అక్కడ సాధన చేసుకోవడానికి అనుమతి దొరికింది.

ఆ ఆట పేరు కర్లింగ్. జట్టుకు నలుగురు. పిడి ఉన్న బరువైన గుండ్రటి రాయిని మంచు మీద జారవిడిస్తే, అది దూరంగా గీసిన వలయాల్లోకి వెళ్ళి ఆగాలి. రాయి జారుతుంటే ఇద్దరు దాని ముందు పరుగెడుతూ మంచును బ్రష్షులతో ఊడుస్తారు. ఆ రాపిడికి మంచు కాస్త వేడెక్కి, రాయి ఇంకొంత దూరం పోతుంది. కర్స్టీ చిన్నప్పటినుంచీ ఆడుతోంది. స్కాట్లాండ్‌లోని అబర్దీన్‌లో మంచి జూనియర్ జట్టులో మొదటి మనిషి, అంటే అందరికంటే ముందు రాళ్ళు వేసేది.

వాళ్ళ నాన్న అక్కడి సముద్రంలో చమురు బావుల మీద పనిచేసి, జీతం బాగుందని ఖతర్ వచ్చాడు. ఇక్కడ ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. తల్లి లేదు. ఆరు నెలలు చూసుకుని పోదామని కర్స్టీ వచ్చింది. ఆరు నెలలు ఏడాది దాటింది. జట్టులో ఆమె చోట వేరే అమ్మాయి ఆడుతోంది. వచ్చేదే ఆమెకు జూనియర్ పోటీల్లో ఆఖరి ఏడాది. ఆ నలుగురిలో తన చోటు తిరిగి దొరుకుతుందా, లేదా? ఆమె మాట్లాడినా, మాట్లాడకపోయినా ఆ మంచు మీద ఉన్న ప్రశ్న అదొక్కటే.

అక్కడ మంచును చదును చేసే మెషిన్ నడిపేది లింబాద్రి. ఆర్మూరు దగ్గరి ఊరు, నలభై దాటిన మనిషి. కర్స్టీ అనే పేరు తన నోటికి పని పెడుతోందని కిష్టవ్వ చేసేశాడు. ఆమె ఓడలో తెప్పించుకున్న రెండు రాళ్ళనూ చూసి మొదటిరోజే అడిగాడట, "ఏందవ్వా, ఇసుర్రాయా? పిండి ఇసురుతవా దీంతోని?"

నేను ఆట సంగతి వివరిస్తే నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు.

"ఊడ్సుడుకు గూడ పోటీలా మేడం? మేం పొద్దున లేస్తే ఊడ్సుడే గద. ఒక్కడన్న కప్పిచ్చిండా?"

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే కర్స్టీ బ్రష్షు ఆయన చేతికిచ్చింది. "అయితే రమ్మనండి, చూద్దాం."

నాలుగు అంగలు పరుగెత్తి వెల్లకిలా పడ్డాడు. పడ్డచోటే కూర్చుని, "ఇది మా నౌకరి తీరు లేదు" అన్నాడు.

మంచు నున్నగా ఉంటే రాయి బాగా జారుతుందని మనకు అనిపిస్తుంది. నిజానికి జారదు. తడి గాజు పలకలు రెండు ఒకదానికొకటి కరుచుకున్నట్టు, అద్దంలాంటి మంచు రాయి అడుగును పట్టేస్తుంది. అందుకని కర్స్టీ పూలకుండీలకు నీళ్ళు పోసే డబ్బాతో వేడినీళ్ళు సన్నగా చిలకరించుకుంటూ వెనక్కి నడిచేది. చుక్కలు చిన్న చిన్న బొడిపెలుగా గడ్డకట్టేవి. రాయి ఆ బొడిపెల మీద తేలుతూ పోయేది. లింబాద్రి అది చూసి, "మా పోచవ్వ వాకిట్ల సానుపు సల్లినట్టే ఉన్నది" అన్నాడు. పోచవ్వ ఆయన భార్య, సానుపంటే కళ్ళాపి. రెండు వారాల్లో ఆయనే చల్లడం నేర్చుకున్నాడు, అదెందుకో మాత్రం అడగలేదు.

ఎదురు ఆడేవాళ్ళు ఎవరూ లేక కర్స్టీ నాతో ఆడేది. నేను ప్రతిసారీ ఓడేదాన్ని. ఆట అయ్యాక, మాల్ వెనక కరక్ చాయ్ దుకాణంలో ఆమె నాకు చాయ్ ఇప్పించేది. గెలిచినవాళ్ళే ఓడినవాళ్ళకు తాగడానికి ఇప్పించాలనేది వాళ్ళ ఆటలో పాత ఆచారమట.

"ఓడితే చాయా? మంచిగున్నది. నేను దినాం ఓడ్త" అన్నాడు లింబాద్రి.

మేధ ఆ చలికి దగ్గలేదు. నాకు నమ్మకం కుదరక ఇంటికెళ్ళి మళ్ళీ వినేదాన్ని.

వేసవి చివర్లో కబురొచ్చింది. జట్టు కోచ్ మోరాగ్ చైనా వెళ్తూ దోహాలో విమానం మారుతోంది. మధ్యలో ఉన్న కొద్ది గంటల్లో వచ్చి కర్స్టీ ఆట చూస్తుంది. చోటు ఎవరిదో చూశాకే తేలుస్తుంది. ఆ శుక్రవారం కర్స్టీ ఆమెను తేవడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్తూ, మంచు సిద్ధం చేసే పని లింబాద్రికి అప్పజెప్పింది.

మేధా నేనూ ముందే వెళ్ళి కూర్చున్నాం. కాసేపటికి వాళ్ళిద్దరూ వచ్చారు. మోరాగ్‌ది పొట్టి జుట్టు, నవ్వని మొహం, ఒంటిమీద కోటు. కర్స్టీ మంచు మీదికి అడుగుపెట్టి ఆగిపోయింది. ఒంగి అరచేత్తో తడిమింది. పై దీపాలు కింద అద్దంలో కనబడ్డట్టు మంచులో కనబడుతున్నాయి.

"లింబా భాయ్, పానీ?" అంది చిలకరిస్తున్నట్టు చెయ్యి ఆడిస్తూ.

లింబాద్రి నావైపు తిరిగాడు. "సల్లిన మేడం. మంచిగ సల్లిన. గని సూస్తే అంత గరుకు గరుకు, పొక్కులు లేసినట్టు కొడుతున్నది. పెద్దమనిషి అస్తున్నది, గిట్ల సూపెడ్తమా? ఎవరన్న పెద్దోళ్ళు అస్తున్నరంటే మా కంపెనీల పాలిష్ కొట్టుడే గద. మల్ల మెషిన్ తిప్పి నున్నగ జేసిన."

నేను కర్స్టీకి చెప్పాను. ఆమె మొహంలో రంగు పోయింది. డబ్బా అందుకుని చల్లడం మొదలుపెట్టింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పకుండానే అర్థమై లింబాద్రి వేడినీళ్ళకు పరుగెత్తాడు. రాయి పోయే దారి సగం అయిందో లేదో, మోరాగ్ గడియారం చూసుకుంది.

"చాలు కర్స్టీ. నా విమానం ఆగదు. ఎవరు చేశారు ఈ మంచు?"

"నేనే. ఇది నా మంచు" అంది కర్స్టీ.

"అయితే ఆడు. మంచును తిట్టకుండా ఆడటం నీకు నేర్పించే ఉంటారు."

మొదటి రాయి సగం దాకా హాయిగా తేలివెళ్ళింది. అద్దం భాగంలోకి వెళ్ళగానే ఎవరో కాలు పట్టుకున్నట్టు ఆగింది. రెండోదీ అంతే. రాళ్ళు వెనక్కి తెచ్చి మళ్ళీ వేసింది. గట్టిగా తోస్తే పక్కకు పోయింది. ప్రయత్నించిన కొద్దీ ఆమె చెయ్యి బిగుసుకుపోతోందని నాకే తెలుస్తోంది. లింబాద్రి మెషిన్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. "టీచర్ ఓడిపోతోందా అమ్మా?" అని మేధ అడిగింది.

మోరాగ్ కోటు విప్పి రెయిలింగ్ మీద వేసింది.

"నువ్వు వేసేది నేను చూశాను. మొదటి మనిషి వేసేది రెండు రాళ్ళు. మిగతా ముగ్గురూ వేసే ఆరింటినీ ఊడ్వాలి. ఇప్పుడు నేను వేస్తాను. వలయం దాకా తీసుకెళ్ళు."

ఆమె వేసిన రాయి మెల్లగా బయల్దేరింది. మెల్లగా అంటే, అది వలయం చేరదని నాలాంటిదానికి కూడా తెలిసిపోయేంత మెల్లగా. కర్స్టీ దాని ముందు వంగి, బరువంతా బ్రష్షు మీద వేసి రుద్దడం మొదలుపెట్టింది. గరుకు భాగం అయిపోయింది. అద్దం మొదలైంది. రాయి కూలబడబోయింది. ఆమె ఇంకా కిందికి వంగింది.

"ఊడ్వండి టీచర్! ఊడ్వండి!" మేధ కుర్చీ ఎక్కి అరిచింది. ఆ గొంతులో పిల్లికూత వస్తుందేమోనని నేను ఇన్‌హేలర్ మూత తీసి పట్టుకున్నాను, కానీ కళ్ళు రాయి మీదే ఉన్నాయి.

"కొట్టు కిష్టవ్వా! ఇడువకు, ఇడువకు!" మెషిన్ వెనకనుంచి లింబాద్రి.

ఏడాదిపాటు ఆమె ఊడ్చింది ఆ మాల్ మంచునే. స్కేట్లు గీరిన మంచు, రాయి నెమ్మదిగా కదిలే మంచు. తోడు ఊడ్చేవాళ్ళు లేక తన రాయి తనే వేసి, లేచి పరుగెత్తి, తనే ఊడ్చుకున్న మంచు. స్కాట్లాండ్‌లో ఉండి ఉంటే ఆ భుజాలు వచ్చేవి కావేమో. రాయి పాక్కుంటూ, ఆగినట్టే ఆగి మళ్ళీ కదులుతూ, వెలుపలి వలయం గీతను దాటి ఆగింది. కర్స్టీ దాని పక్కనే మోకాళ్ళ మీద పడింది.

మోరాగ్ నడిచివెళ్ళి, రాయి గీతకు లోపలే ఉందని బూటు కొనతో చూసుకుంది.

"నువ్వు రాయి వేసే తీరు పాడైంది. ఈ మంచు నీకు జారవిడవడం మాన్పించి తొయ్యడం అలవాటు చేసింది. అది నెలరోజుల్లో సరిచేస్తాను" అంది. "ఇలా ఊడ్చేవాళ్ళు మాత్రం నా దగ్గర లేరు. వచ్చే నెల మొదటికి వచ్చెయ్. మీ నాన్న నడుస్తున్నాడా?"

"నడుస్తున్నాడు. వంట మాత్రం ఘోరం."

"బతుకుతాడులే."

ఆ ఏడాది కర్స్టీ మొదటి మనిషిగా ఆడింది. జట్టు సెమీఫైనల్లో ఓడింది. జూనియర్ వయసు దాటాక ఆమె ఫిజియోథెరపీ చదువుకుంది. ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకు ఆట నేర్పుతుంది. ఆమె పోటీ జీవితం అంతే. ఏటా మేధ పుట్టినరోజుకు ఫోన్ చేస్తుంది. ముందు అడిగేది దగ్గు గురించి.

నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆ శుక్రవారమే. మోరాగ్ ట్యాక్సీ ఎక్కాక చాయ్ దుకాణం దగ్గర అందరం ఉన్నాం, లింబాద్రి తప్ప. కర్స్టీ ఒక చాయ్ మేధ చేతికిచ్చి లోపలికి పంపింది. ఒలికిపోతుందేమోనని నేనూ వెనకే వెళ్ళాను. ఆయన మెషిన్ పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు.

"నాకొద్దు బిడ్డా. ఓడినోళ్ళకు గద చాయ్. నేను ఓడలే, ఆటనే ఖరాబు జేసిన."

కర్స్టీ కూడా వచ్చి నిలబడింది. ఆయన ఏమన్నాడని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె ఆలోచించింది.

"మామూలుగా మంచు బాగుండి ఉంటే మోరాగ్ నేను వేసేదే చూసి వెళ్ళిపోయేది. నేను వేసే తీరు చెడిపోయిందని ఆమే చెప్పింది. తను రాయి పట్టుకునేదే కాదు, నేను ఊడ్చేది చూసేదే కాదు. చెప్పండి సీతా, తాగమని చెప్పండి."

చెప్పాను. లింబాద్రి నన్నూ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. నిజమేనా, ఓదార్పు కోసం అల్లిన మాటా అని తేల్చుకుంటున్నట్టుంది. తర్వాత మేధ చేతిలోంచి చాయ్ తీసుకుని ఒక గుక్క తాగాడు.

"గట్లయితే ఇంకోటి తెప్పియ్యి కిష్టవ్వా. మెషిన్ రెండుసార్లు తిప్పిన."